ఎర్రద్దం రాత్రి

నలుపు తెలుపు తెర మీద హీరో వెన్నెల్లో కాలువ గట్టెక్కి ఏడుస్తున్నాడు. టాకీస్‌లో ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. కాసిం మాత్రం హీరో వంక చూడటం లేదు. హీరో భుజం వెనకాల, దూరంగా, తూము మీద వంగి ఇనప హ్యాండిల్ తిప్పుతున్న మనిషిని చూస్తున్నాడు.

రెండు జేబుల చొక్కా. నెత్తికి చారల రుమాలు. ఎడమ మోకాలు వంచి, ఒంటి బరువంతా చేతుల మీద వేసి తిప్పే పద్ధతి.

ఆ మనిషి కాసిమే.

"అరే, కాసిం! మన కాలువ కాసిం!" నేల టిక్కెట్లలోంచి ఎవరో అరిచారు.

ఈలలు, చప్పట్లు మోగిపోయాయి. బాన్సువాడ మనిషి సినిమాలో కనపడటం అదే మొదలు. పక్కనున్నవాడు కాసిం వీపు మీద ఒక్కటి చరిచాడు. కాసిం పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆ నవ్వు ఆయన మొహం మీద ఎక్కువసేపు నిలవలేదు.

"జర ఆగుండ్రి," వెనక బెంచీల్లోంచి ఇంకో గొంతు. "గది రాత్రి గదా! రాత్రిపూట గీయన తూమెందుకు తిప్పుతుండు?"

ఈలలు ఆగిపోయాయి. తలలు ఒక్కొక్కటే కాసిం వైపు తిరిగాయి. తెర మీద హీరోయిన్ వచ్చి హీరో కన్నీళ్లు తుడిచినా ఆ తలలు మళ్లీ తెర వైపు తిరగలేదు.

వాళ్లలా చూడటానికి కారణం ఉంది.

మొన్నటి వేసవిలో, సినిమా కంపెనీ వాళ్లు బాన్సువాడలో దిగి షూటింగ్ చేస్తున్న రోజుల్లోనే, ఒక రాత్రి ఎవరో తూము షట్టరు పైకెత్తారు. తెల్లారేసరికి హనుమాయమ్మ పొలంలో కోసి పరిచిన వరి పనలన్నీ నీళ్లలో తేలుతున్నాయి. హనుమాయమ్మ కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూమి కొనుక్కుని, మొగుడు పోయాక కూడా ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి. ఆవిడ తడిసిన పన ఒకటి చేత్తో పట్టుకుని నీటిపారుదల ఆఫీసు ముందు నిలబడి తిట్టిన తిట్లు ఊరికి ఇంకా గుర్తున్నాయి. నీళ్లు మాత్రం ఆవిడ పొలం దగ్గర ఆగలేదు. దాన్ని ముంచి, ఆ కిందున్న చెరుకు తోటల్లోకి పోయాయి. కరువు ఏడాది. వంతు కాని వంతులో నీళ్లు పారించుకున్నదెవరో తేలలేదు.

షట్టరు తిప్పే హ్యాండిల్ మాత్రం ఒక్కటే ఉంది. అది వంతుల ప్రకారం నీళ్లు వదిలే కాలువ లష్కరు కాసిం ఇంట్లో, ఆయన మంచం కింద ఉంటుంది.

సాక్షులెవరూ లేక అప్పుడు విచారణ ఆగిపోయింది. ఇప్పుడు సాక్షి దొరికింది. టాకీస్ తెర అంత పెద్ద సాక్షి.

ఆట వదిలేసరికి గేటు దగ్గర భద్రయ్య నిలబడి ఉన్నాడు. చెరుకు తోటల ఆసామి, నలుగురు పోగైతే నడుమ నిలబడే మనిషి. తెల్ల చొక్కా మడత నలగదు, గొంతు తగ్గదు.

"నేను మొదటాటకే చూశానండీ. చూసి కూడా నోరు మూసుకున్నాను, పోనీలే పిల్లలు గలవాడు అని," అంటున్నాడు చుట్టూ ఉన్నవాళ్లతో. "ఆ రాత్రి నేనక్కడే ఉన్నాను. కెమెరా పక్కనే! కెమెరామాన్‌కి గొడుగు పట్టింది నేనే. ఈయన తూము తిప్పుతుంటే ఇదేదో సినిమా కోసమే అనుకున్నాను. పొద్దున హనుమాయమ్మ ఏడుపు విన్నాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు."

"భద్రయ్య పటేలా, నేను రాత్రి ఎన్నడు తిప్పలే," అన్నాడు కాసిం.

"నేను చెప్పడం ఎందుకయ్యా? తెర చెబుతోందిగా. దాంతో పోట్లాడు!"

జనం గొల్లున నవ్వారు. తెర మీది మనిషి నిజంగానే కాసిం. కాదనడానికి లేదు.

సాయంత్రానికి కబురు డిప్యూటీ ఇంజనీరు వామన్‌రావుకి అందింది. ఆయన జీపులో కాలువ క్వార్టరుకే వచ్చాడు. కోపంగా లేడు, అదే కాసింని ఎక్కువ భయపెట్టింది.

"హ్యాండిల్ ఇవ్వు కాసిం."

కాసిం మంచం కింద నుంచి హ్యాండిల్ తీసిచ్చాడు. పదేళ్లుగా తన చెయ్యి రాసుకుని నున్నబడ్డ ఇనుము.

"గురువారం మాట్నీకి నేనొచ్చి చూస్తాను. శుక్రవారం సినిమా డబ్బా బోధన్ పోతుందట. ఆ లోపల నువ్వు చెప్పుకునేదేమైనా ఉంటే చెప్పుకో. ఆ తర్వాత ఉద్యోగమూ ఉండదు, ఈ ఇల్లూ ఉండదు."

"సాబ్, గది నేనే. గని నేను కాదు."

వామన్‌రావు హ్యాండిల్‌ను జీపు వెనక సీటు కిందికి తోశాడు. "ఇలాంటి మాటలు విచారణలో రాసుకోవడం కష్టం," అని జీపెక్కాడు.

కాసిం భార్య ఖైరున్నిసా వాకిట్లో బియ్యం చెరుగుతూ అంతా విన్నది. జీపు మలుపు తిరగ్గానే చాట కింద పెట్టింది.

"ఏంజీ, నిజం చెప్పుండ్రి. పోయిండ్రా?"

"అల్లా కసమ్, పోలే!"

"మల్ల తెర మీద ఎట్లున్నరు?"

"గదే తెలుస్తలేదు."

ఆమె చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నిద్రల నడిచి పోయిండ్రేమో. మా పెద్దమామ గట్లనే నడిచేటోడు. ఒకపాలి పొద్దున బాయి గోడ మీద కూసున్నడు, చేతుల లోటా పట్టుకోని."

ఆమె సగం పరాచికానికే అన్నది. కాసింకి మాత్రం ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. నిద్రలో లేచి, మంచం కింద హ్యాండిల్ తీసుకుని, గట్టెక్కి, కెమెరాల ముందు తూము తిప్పి, మళ్లీ వచ్చి పడుకున్నాడా? అంత పని చేసి అరచేతులకు జిడ్డైనా అంటలేదా? ఆ పూట ఆయన కాలిని మంచం కోడుకి రుమాలుతో కట్టేసుకుని పడుకున్నాడు. పొద్దున ముడి అలాగే ఉంది. దాంతో ఒక్కరోజు సంగతే తేలింది.

మర్నాడు ఆయన ఫోటో స్టూడియో వెంకట్రావు దగ్గరికి పోయాడు. షూటింగ్ జరిగినన్నాళ్లూ స్టూడియోకి తాళం వేసి కంపెనీ వెంట తిరిగినవాడు వెంకట్రావు. అప్పట్నుంచీ ఆయన నోట మామూలు మాట రావడం మానేసింది. లైటు అనడు, కీ లైట్ అంటాడు. పెళ్లి ఫోటో తీయాలన్నా పెళ్లికూతురి గడ్డం పట్టుకుని "ఫిల్ తక్కువైంది" అంటాడు.

"రా కాసిం భాయ్, నీకోసమే చూస్తున్న! గా షాట్ చూసిన. ఏం కంపోజిషన్!"

"వెంకట్రావన్నా, నా కొలువు పోతుంది. గది రాత్రి తీసిండ్రా, పగలు తీసిండ్రా, జర చెప్పు."

"కూసో." వెంకట్రావు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, కిటికీ మూసి, ఒక బల్బు వెలిగించి ఎడమ పక్కన పెట్టాడు. "గిది కీ లైట్. అసలు లైటు. మొహానికి రూపం గిదే ఇస్తది. నీడ కూడా గిదే ఏస్తది." కుడి పక్కన తెల్ల అట్ట పట్టుకున్నాడు. "గిది ఫిల్. నీడను జర మెత్తగ చేస్తది. షూటింగ్‌ల వెండికాగితం అంటిచ్చిన పెద్ద పలకలు చూసినవు గదా, రిఫ్లెక్టర్లు, గవి చేసే పని గిదే." ఇంకో బల్బు తీసుకెళ్లి కాసిం తల వెనకాల పెట్టాడు. చెవులు వేడెక్కాయి. "గిది బ్యాక్ లైట్. ఎంటికల చుట్టు మెరుపు గీత వస్తది. నీ షాట్‌ల నీ రుమాలు అంచు మెరిసిందా, లేదా?"

"మెరిసింది."

"ఇగ అయిపాయె! బ్యాక్ లైట్ కొట్టిండ్రు. పెద్ద లైటు, జనరేటర్ వ్యాను. రాత్రే తీసిండ్రు. డౌటే లేదు."

కాసింకి సాయం కోసం వచ్చినచోటే ఉరి బిగిసింది.

"లైట్లు పెడితే నాకు తెల్వకపోతుండెనా అన్నా? కండ్లు చెదరవా?"

"అదే సమజైతలేదు," అని వెంకట్రావు కూడా ఒప్పుకున్నాడు. బల్బు ఆర్పి తల గోక్కున్నాడు. "ఒక పని చెయ్యి. ఇయ్యాల మల్ల చూడు. లైటు యాడున్నదో నీకు కనపడదు. నీడ చూడు. నీడకు ఎదురు దిక్కే లైటు ఉంటది. పక్కకుంటే నీడ పొడుగు పడుతది. గంతే. కెమెరా అబద్ధమాడుతది, నీడ ఆడదు."

కాసిం మళ్లీ టిక్కెట్టు కొన్నాడు. జనం ఆయన్ని చూసి గుసగుసలు పోయారు. "తన సినిమా తనే చూసుకుంటుండు," అని ఎవడో అంటే మిగతావాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన తల ఎత్తలేదు. హీరో గట్టెక్కే చోటు వచ్చింది. కాసిం బెంచీ అంచుకి జరిగి, తన కాళ్ల దగ్గరే చూశాడు.

నీడ ఎక్కడా పొడుగ్గా లేదు. మనిషి కాళ్ల కింద నల్లటి ముద్దలా, తొక్కిపెట్టినట్టు ఉంది.

అంటే లైటు నెత్తి మీద ఉంది. సరిగ్గా నడినెత్తి మీద.

ఇంకోటి కూడా కనపడింది. తన వెనకాల, చీకటి మడిలో, తెల్లటి చుక్కలు నాలుగైదు. ఒక చుక్క కదిలింది. ఒకటి ఎగిరి కొంచెం పక్కన వాలింది. షాటు మారిపోయింది.

ఆయన పరుగున స్టూడియోకి పోయాడు. వెంకట్రావు విని కళ్లు మూసుకుని ఆలోచించాడు. "నెత్తి మీద లైటు అంటే... క్రేన్ కట్టాలె. గంత పెద్ద క్రేన్ వాళ్లకాడ లేకుండె."

"చుక్కలో?"

"అవి ప్రింటు మీద గీతలు. తిరిగి తిరిగి ప్రింటు అరిగిపోయింది."

"ప్రింటు మీది గీత ఎగిరి పోయి పక్కన కూసుంటదా అన్నా?"

వెంకట్రావు దగ్గర దానికి పేరు లేదు. పేరు లేని సంగతి ఆయనకు నచ్చలేదు. "నాకు తలకాయ నొస్తుంది, రేపు రా," అన్నాడు.

రేపంటే బుధవారం. ఎల్లుండి మాట్నీ.

బుధవారం కాసిం హ్యాండిల్ లేని చేతులతోనే అలవాటు కొద్దీ గట్టెక్కాడు. వంతు ప్రకారం తూము తిప్పడానికి ఆఫీసు నుంచి ఇంకెవరో వచ్చి తిప్పి పోయారు. షట్టరు కింద నీళ్లు నురగలు కక్కుతున్నాయి. ఎండ మాడుస్తోంది. ఆయన తూము దిమ్మె మీద చతికిలబడి, ఏం చేయాలో తోచక, తన కాళ్ల వంక చూసుకున్నాడు.

నీడ. కాళ్ల కింద నల్లటి ముద్ద.

కాసిం మెల్లిగా లేచి నిలబడ్డాడు. ఎడమ మోకాలు వంచి, లేని హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగాడు. నీడ ముద్ద అట్లాగే ఉంది. సినిమాలో ఉన్నట్టే. వెనక్కి తిరిగి చూశాడు. హనుమాయమ్మ మడిలో ఆవిడ గేదెలు మేస్తున్నాయి. వాటి కాళ్ల దగ్గర పురుగులు ఏరుకుంటూ నాలుగైదు కొంగలు. ఒకటి ఎగిరి గేదె వీపు మీద వాలింది.

తెల్లటి చుక్కలు.

"యా అల్లా," అన్నాడు కాసిం పైకే.

కొంగలు పొద్దుగూకితే చెట్లెక్కుతాయి. రాత్రిపూట మడిలో మేసే కొంగ ఆయన పుట్టి పెరిగాక చూడలేదు. మరి తెర మీద అంత చీకటేమిటి? ఆకాశం బొగ్గులా ఉందే! పగటిపూట తను తూము తిప్పితే, ఆ పగలెవరు తీసుకుపోయారు?

ఆయన ఒక్కో మాటా గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. షూటింగ్ వాళ్లు ఆ మధ్యాహ్నం ఎదుటి గట్టు మీద ఉన్నారు. "నీ పని నువ్వు చేసుకో తాతా, ఇటు చూడకు," అని ఎవరో కేకేశారు. తాతా అన్నందుకు కోపమొచ్చి నిజంగానే అటు చూడలేదు. కానీ అంతకుముందు టీ తాగుతూ చూసిందొకటి ఉంది. కెమెరామాన్ ఒక ఎర్రద్దం ఎండకు పట్టి తుడుచుకుని, దాన్ని కెమెరా కంటికి బిగించాడు. "డే ఫర్ నైట్" అని ఒక మాట అన్నాడు. "ఇంకో రెండు స్టాపులు మూసెయ్" అని ఇంకోటి. ఏ మాటా కాసింకి అర్థం కాలేదు. చెవుల్లో పడి అట్లాగే ఉండిపోయాయి.

వెంకట్రావు ఆ ముక్కలు వినగానే స్టూలు మీద నుంచి లేచాడు.

"ఎర్రద్దమా? ముందుగాల చెప్పాలె గదా!"

"నువ్వడగలే."

"డే ఫర్ నైట్... గా మాట నేను గూడ విన్న. పగటి డ్యూటీ, రాత్రి డ్యూటీ అనుకున్న, భత్యం సంగతి." ఆయన తన చెంప మీద తనే కొట్టుకున్నాడు. తర్వాత అల్మారా అంతా కిందామీదా చేసి, మిఠాయి డబ్బా మీది ఎర్ర గ్లాసు కాగితం చించి కెమెరా ముందు దారంతో కట్టాడు. "నడువు బయటికి."

మండుటెండలో, బస్టాండు ముందు కాసింని నిలబెట్టి, స్టాపులు మూసి కెమెరా కన్ను బాగా చిన్నది చేసి, ఒక ఫోటో తీశాడు. రిక్షావాళ్లు చుట్టూ మూగి "పాస్‌పోర్టుకా?" అని అడిగారు. వెంకట్రావు ఎవరికీ జవాబివ్వకుండా చీకటి గదిలో దూరాడు. కాసిం తలుపు బయట గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

తడి కాగితం బయటికొచ్చింది. ఫోటోలో బస్టాండు ఉంది, కాసిం ఉన్నాడు, రిక్షాలున్నాయి. ఆకాశం నల్లగా రాత్రిలా ఉంది. ఇందాక నెత్తి మాడ్చిన ఎండ వెన్నెలై పోయి ఆయన రుమాలు అంచు మీద మెరుస్తోంది.

"నీలం రంగును ఎర్రద్దం మింగేస్తది," అన్నాడు వెంకట్రావు. "ఆకాశం నీలం గదా. నల్లగయ్యింది. డే ఫర్ నైట్ అంటే గిదే, పగటిని రాత్రి చేసుడు. సూర్యుణ్ని చంద్రుణ్ని చేసిండ్రు భాయ్! బ్యాక్ లైట్ అన్న గదా, గది సూర్యుడే."

కాసిం ఫోటో వంక చూసి, బయట ఎండ వంక చూసి, మళ్లీ ఫోటో వంక చూశాడు. "గంటసేపు కూడ కాలే నేను ఎండల నిలబడి. గీ ఫోటో చూస్తే నాకే నమ్మబుద్ధి అయితలేదు. ఇంజనీరు సాబ్ ఎట్ల నమ్ముతడు?"

"ఫోటో చూపిద్దాం!"

"చూపిస్తే భద్రయ్య పటేల్ ఏమంటడు? ఇది నిన్న రాత్రి తీసిండ్రు అంటడు." కాసిం అట్లా అన్నాడో లేదో, ఆ పేరు ఆయన నాలుక మీదే ఆగిపోయింది. భద్రయ్య ఇంకో మాట కూడా అన్నాడు. గేటు దగ్గర, అందరి ముందూ. కాసిం ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. మెల్లిగా ఫోటోను జేబులో పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి నేరుగా హనుమాయమ్మ ఇంటికి పోయాడు. ఆవిడ వసారాలో గేదెకు కుడితి పెడుతోంది. కాసింని చూడగానే బకెట్టు దభీమని కింద పెట్టింది.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావయ్యా?"

"రేపు మాట్నీకి రావాలె అమ్మా."

"నా పంట ముంచినోణ్ని నేను టిక్కెట్టు కొని చూడాలా?"

"చూడాలె. గని నన్ను చూడకు, హీరోని చూడకు. నా ఎనక చూడు. ఏం కనపడితే గది గట్టిగ చెప్పు. నేనే ముంచిననని నీకు కనపడితే, నన్ను టాకీస్‌లనే చెప్పుతో కొట్టు."

హనుమాయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కొడతాను," అంది.

గురువారం మాట్నీకి టాకీస్ కిటకిటలాడింది. ఎవరికీ సినిమా మీద ధ్యాస లేదు. కుర్చీల్లో ముందు వరసలో వామన్‌రావు, ఆయన పక్కన భద్రయ్య, వెనక హనుమాయమ్మ. కాసిం గోడవారగా నిలబడ్డాడు.

హీరో గట్టెక్కాడు. ఆ షాటు అయిపోగానే ఇంజనీరు చెయ్యెత్తాడు. ఆపరేటర్ తనకు ముందే చెప్పి ఉంచినట్టు ఆ రీలు అక్కడితో ఆపి, హాల్లో లైట్లు వేశాడు.

"సరే," అన్నాడు వామన్‌రావు లేచి. "మనిషి కాసిమే. ఇక భద్రయ్యగారూ, మీరు చెప్పేది అందరి ముందూ చెప్పండి."

భద్రయ్య చొక్కా సర్దుకున్నాడు. "ఇంకేముందండీ. హనుమాయమ్మగారి పంట మునిగిన రాత్రే ఇది తీశారు. నేను కెమెరా పక్కనే ఉన్నాను. నా కళ్లతో చూశాను."

"ఒట్టేసి చెప్తవా పటేలా?" అన్నాడు కాసిం. "గా రాత్రి గట్టు మీదనే ఉన్నవా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఉన్నాను!"

"కెమెరామాన్‌కు గొడుగు పట్టినవు?"

"పట్టాను!"

"రాత్రి గొడుగెందుకు పటేలా?"

భద్రయ్య చుట్టూ చూశాడు. "మంచు... మంచు పడుతోంది. కెమెరా తడిసిపోతుందని."

"నడి ఎండాకాలంలో మంచా?" అన్నాడు వామన్‌రావు. నేల టిక్కెట్లలో కిచకిచ మొదలైంది.

"సాబ్, ఇంకొక్కపాలి ఎయ్యమనుండ్రి," అన్నాడు కాసిం. "హనుమాయమ్మ తల్లీ, నా ఎనక."

రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేశారు. హీరో గట్టెక్కాడు. ఈసారి ఎవరూ ఏడవలేదు. హనుమాయమ్మ కుర్చీలోంచి సగం లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఉన్నట్టుండి ఆవిడ గొంతు హాలంతా ఖంగుమంది.

"అదుగో మా వంకరకొమ్ముది!"

"ఎవరమ్మా?" అన్నాడు ఇంజనీరు కంగారుగా.

"మా గేదండీ! ఎడమ కొమ్ము కిందికి తిరిగి ఉందా లేదా? మడిలో మేస్తోంది చూడండి, దాని మీద కొంగ! అర్ధరాత్రి నా గేదెను మేతకు వదలడానికి నాకేమన్నా పిచ్చా? పొద్దు వాలితే కొట్టంలో కట్టేస్తాను, ఊరంతా ఎరుగుదురు. రాత్రిపూట కొంగలెక్కడ మేస్తాయండీ, ఈ దేశంలో గానీ మా దేశంలో గానీ! ఇది పగలు!"

ఆ మాటతో హాలు హాలంతా తెర మీదికి వంగింది. ఇన్ని రోజులుగా హీరోయిన్‌ని చూసినవాళ్లంతా మొదటిసారి మడిని చూశారు. "అవురా, కొంగలే!" "గా నీడ చూడు, కాళ్ల కిందనే ఉన్నది!" "పట్టపగలురా ఇది!" వెంకట్రావు బెంచీ ఎక్కి "డే ఫర్ నైట్! ఎర్ర ఫిల్టర్! నేను ముందే చెప్పిన!" అని అరిచాడు. ఆయన చెప్పింది దానికి సరిగ్గా తలకిందులని కాసిం గుర్తు చేయలేదు. ఫోటో ఇంజనీరు చేతిలో పెట్టాడు.

వామన్‌రావు దాన్ని లైటు కింద పట్టుకుని చూశాడు. "ఇది పగలా?"

"నిన్న మధ్యాహ్నం సాబ్. బస్టాండు ముందట. రిక్షావాళ్లను అడుగుండ్రి."

ఇంజనీరు అర్థమయీ కానట్టు తలూపి, నెమ్మదిగా పక్కకు తిరిగాడు. "భద్రయ్యగారూ, ఇది పగలు తీసింది. కెమెరా కూడా పగలే ఉంది, గొడుగు కూడా పగలే పట్టారు. అంటే పంట మునిగిన రాత్రి ఆ గట్టు మీద కెమెరా లేదు, సినిమా వాళ్లు లేరు, కాసిం ఉన్నాడనడానికి ఏమీ లేదు. ఇక మిగిలిందెవరు? అందరి ముందూ ఉన్నానన్నది మీరొక్కరే."

"నేను... అది కాదండీ. నేను పగలే ఉన్నాను. రాత్రి లేను."

"ఇందాక ఉన్నానన్నావుగా!" హనుమాయమ్మ కుర్చీల మధ్యలోంచి వచ్చేసింది. "ఉన్నావా, లేవా? లేకపోతే పగలు చూసినదాన్ని రాత్రని ఎందుకు చెప్పావు? గొడుగు పట్టినవాడికి అది ఎండో వెన్నెలో తెలియదా? తెలిసి తెలిసి ఈ కాసిం మీదికి ఎందుకు తోశావు? నా పంట ముంచిన నీళ్లు పోయింది ఎవరి చెరుకులోకి?"

భద్రయ్య తలుపు వైపు చూశాడు. తలుపు నిండా జనం ఉన్నారు. తెల్ల చొక్కా వీపు మీద చెమట మరక పెరుగుతోంది. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది.

"నిలువునా ఎండిపోతోందమ్మా తోట. ట్రాక్టర్ పానా పెట్టి తిప్పాను. గంటలో దించేద్దామనుకున్నాను. పట్టు బిగిసిపోయి షట్టరు దిగలేదు. నీ పనలు మునుగుతాయని నేననుకోలేదు."

హనుమాయమ్మ చెప్పు విడిచి చేతిలోకి తీసుకుంది. కాసిం అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, గది నాకోసం అనుకున్నవు గదా. నాకే ఉండనియ్యి."

ఆవిడ ఆయాసంతో ఆగి, చెప్పు కింద పడేసి తొడుక్కుంది. భద్రయ్యని వామన్‌రావు తన జీపులో ఆఫీసుకి తీసుకుపోయాడు. పోయేముందు జీపు వెనక సీటు కింద నుంచి హ్యాండిల్ తీసి కాసింకి ఇచ్చాడు. "రేపు పొద్దున వంతు నీదే," అన్నాడు.

సాయంత్రం ఖైరున్నిసా ఫోటోను దీపం దగ్గర పెట్టుకుని చూసింది. నల్లటి ఆకాశం కింద, వెన్నెల్లో, బస్టాండు ముందు తన మొగుడు.

"ఏంజీ, ఇంత రాత్రి బస్టాండుకు ఎందుకు పోయిండ్రు?"

"రాత్రి కాదే. మధ్యాహ్నం. కండ్లు కనపడనంత ఎండ."

ఆమె ఫోటో వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది. నమ్మినట్టు లేదు. కాసిం హ్యాండిల్‌ను మంచం కిందికి తోసి, రుమాలు విప్పి, కాసేపు చేతిలో పట్టుకుని ఆలోచించాడు. ఎందుకైనా మంచిదని కాలిని మంచం కోడుకి కట్టుకున్నాడు.